పాత స్ప్రేయర్ కొంటున్నారా? ముందు దానికి మంచినీళ్లు పొయ్యండి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి: సొంత ఇంజనుతో నడిచే (సెల్ఫ్ ప్రొపెల్డ్) బూమ్ స్ప్రేయర్, అదీ చాలాకాలం వాడినది. బూమ్ అంటే బండికి అడ్డంగా రెక్కల్లా చాచే పొడవాటి ఇనుప చట్రం, మందును తుంపరగా చిమ్మే నాజిళ్లు దాని మీదే వరసగా ఉంటాయి. అందుకని ఈ పేజీలు మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: గుంటూరు వైపు మిర్చి చేలల్లో తిరిగిన సెల్ఫ్ ప్రొపెల్డ్ స్ప్రేయర్ ఒకటి బేరానికి వచ్చింది. 600 లీటర్ల ట్యాంకు, 12 మీటర్ల బూమ్. మీటరు మీద 1,400 గంటలున్నాయి. కొత్తగా రంగు వేశారు, ఇంజను ఒక్క తాళానికే అందుకుంటోంది. చూసి రావడానికి వెళ్తున్నాం. ఏమేం చూడాలి?
– ఒక రైతు, పద్మనాభం మండలం

జవాబు: ఇంజను అందుకుంటోంది కదా అని సంతోషపడి బయానా ఇచ్చేయకండి. స్ప్రేయర్‌లో ఇంజను ఒక భాగం మాత్రమే. పైగా దాన్ని బాగుచేసే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. డబ్బు తినేది నీళ్లు నడిచే దారి: ట్యాంకు, ఫిల్టర్లు, పంపు, వాల్వులు, పైపులు, నాజిళ్లు. రెండోది బూమ్ ఇనుము.

మీటరు అంకె రాసుకోండి గానీ దానిమీద ధర కట్టకండి. మీటరు మార్చడం పెద్ద పనేం కాదు. పెడల్ రబ్బరు గీతలు, సీటు అంచు, స్టీరింగు మీద చేతులు పడే చోటు, బూమ్ మడిచే లివర్ల పిడులు చూడండి. పెడల్ గీతలు పూర్తిగా పోయి కింద ఇనుము మెరుస్తుంటే మీటరు మాటా పెడల్ మాటా కలవడం లేదని అర్థం.

కొత్త రంగు సంగతి. పైన పటారం లోన లొటారం అన్న సామెత పాత స్ప్రేయర్లను చూసే పుట్టిందా అనిపిస్తుంది. మందునీళ్లు, ముఖ్యంగా యూరియా కలిపినవి, వెల్డింగ్ సందుల్లోకి దిగి ఇనుమును లోపలి నుంచి తినేస్తాయి. చిన్న సుత్తి వెంట తీసుకెళ్లండి. బూమ్ కింది అంచు, బూమ్ వేలాడే మధ్య ఫ్రేము, చక్రాల కాళ్లు ఛాసిస్‌కు అతికిన చోటు, ఈ మూడింటినీ వరసగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది డొల్లగా పలుకుతుంది. వెల్డింగ్ మీద మళ్లీ వెల్డింగ్ ఉంటే అక్కడ ఇదివరకే విరిగిందన్నమాట. బూమ్ మడత కీలు దగ్గర అలా ఒకసారి అతికితే ఫర్వాలేదు. చక్రం కాలు మీద అలాంటి అతుకు కనిపిస్తే మాత్రం బేరం వదిలేసుకోవడమే మంచిది. ఎత్తుకాళ్ల బండి, నిండు ట్యాంకుతో గట్టు ఎక్కేటప్పుడు బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది.

తర్వాత బూమ్ పూర్తిగా విప్పించి, చివర పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. కీళ్ల పిన్నులు, బుష్‌లు అరిగితే చివర జానెడు ఆడుతుంది. అవి మాత్రమే అరిగితే గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద కొలతకు చేయించుకోవచ్చు. పిన్ను కూర్చునే రంధ్రమే కోలగా సాగితే వెల్డింగ్‌తో నింపి మళ్లీ బోరింగ్ చేయించాలి. అది వేరే ఖర్చు.

ఇక అసలు పరీక్ష. మీరు వెళ్లే ముందురోజు సాయంత్రమే ట్యాంకు నిండా మంచినీళ్లు పోయించి ఉంచమనండి. ప్లాస్టిక్ ట్యాంకు ఎండకు పెళుసెక్కి, అడుగు గుంట దగ్గర, పైపు బిగించే చోట, ఇనుప పట్టీ ఒరుసుకునే చోట వెంట్రుకంత పగుళ్లు ఇస్తుంది. రాత్రంతా నీళ్లుంటే తెల్లారేసరికి తడి కనపడుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యాక చీకట్లో లోపల టార్చి వేసి బయట నుంచి చూస్తే మిగిలిన గీతలూ తెలుస్తాయి. ట్యాంకులోకి తల మాత్రం పెట్టకండి.

పంపు నడపకముందు దాని నూనె గాజు చూడండి. నూనె తేటగా, గుర్తు దగ్గర ఉండాలి. ఇప్పుడు నాజిళ్లన్నీ తెరిచి 3 కేజీల ప్రెజర్‌లో 20 నిమిషాలు నడిపించి, ఆపాక మళ్లీ చూడండి. నూనె పాలలా తెల్లబడితే డయాఫ్రమ్ (పంపులో నీళ్లనూ నూనెనూ వేరుచేసే రబ్బరు పొర) చిరిగి నీళ్లు లోపలికి వెళ్తున్నాయన్నమాట. అమ్మేముందు నూనె మార్చి తేటగా చూపించడం తేలిక, 20 నిమిషాలు నడిచాక దాచడం కష్టం. పంపు ఆపగానే నాజిళ్లు రెండు మూడు సెకన్లలో కారడం మానాలి. కారుతూనే ఉంటే నాజిల్ బాడీలోని డ్రిప్ రబ్బర్లు పోయినట్టు. అది చిల్లర ఖర్చే.

నాజిళ్లను ఒక్కొక్కటిగా కొలజగ్గుతో పట్టండి. నీలం రంగు 03 నాజిల్ కొత్తదైతే 3 కేజీల దగ్గర నిమిషానికి 1.2 లీటర్లు ఇస్తుంది, పసుపు 02 అయితే 0.8 లీటరు. కొత్తదానికంటే పది శాతం ఎక్కువ వస్తే దాని పని అయిపోయింది. నాజిళ్లు అరిగాయని బండి వదులుకోనక్కర్లేదు, సెట్టు మొత్తం మార్చడానికయ్యే డబ్బు ధరలో తగ్గించమనండి. కానీ ఒకే బూమ్ మీద నీలం, పసుపు, ఎరుపు నాజిళ్లు కలగాపులగంగా ఉంటే ఆ యజమాని మిగతా పనులూ అలాగే చేసి ఉంటాడు. అక్కడ ఇంకొంచెం గట్టిగా వెతకండి.

చివరగా నిండు ట్యాంకుతో ముప్పావుగంట నడిపి, వాలు ఎక్కించి దింపించండి. దిగాక నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టండి. ఒకటి మాత్రమే చుర్రుమంటే బేరింగో బ్రేకో పట్టేస్తోంది.

బిల్లు మీది ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీది వాటితో సరిచూసుకోండి. అప్పు మీద కొన్న బండైతే బాకీ తీరిందన్న బ్యాంకు పత్రం లేకుండా డబ్బు కట్టకండి. బయల్దేరే ముందే పంపు పేరు, మోడలు ఫోన్లో కనుక్కుని, దాని డయాఫ్రమ్ సెట్టు, వాల్వులు మన దగ్గర దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అన్నది దుకాణంలో అడిగి కాగితం మీద వేసుకోండి. టైర్లు, నాజిళ్లు, సక్షన్ పైపులది కూడా. మా దృష్టిలో బండి కంపెనీ కంటే పంపు కంపెనీ ముఖ్యం. ఏటా సామాను కావలసింది పంపుకే.

ప్రశ్న: కిరాయికి తిప్పుదామని కొనాలనుకుంటున్నాను. మా వైపు వరి మడులు 20, 30 సెంట్లవి. గిట్టుబాటు అవుతుందా?
– పెందుర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమ్మేవాళ్లు గంటకు పదిహేనెకరాలంటారు. కాగితం మీద నిజమే: 12 మీటర్ల బూమ్ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతే 60,000 చదరపు మీటర్లు, అంటే 14.8 ఎకరాలు. మలుపులు, నీళ్లు నింపడం, మందు కలపడం పోగా పెద్ద చేలల్లోనే అందులో సగం వస్తే గొప్ప. 20 సెంట్ల మడుల్లో, ప్రతి గట్టు దగ్గరా బూమ్ ఎత్తి దించుతూ ఉంటే ఆ సగంలోనూ సగమే మిగలొచ్చు.

ఇంకో లెక్క నీళ్లది. ఎకరాకు 100 లీటర్లు వేసుకుంటే 600 లీటర్ల ట్యాంకు ఆరెకరాలకు సరిపోతుంది. తర్వాత బండి బోరు దగ్గరకు పోయి రావాలి, లేదా నీళ్ల ట్యాంకరుతో ఇంకో మనిషి గట్టు మీదికి రావాలి. కిరాయి ధర కట్టేటప్పుడు ఆ మనిషి కూలి మరిచిపోతుంటారు.

దమ్ము చేసిన మడిలోకి దిగాలంటే సన్నటి గట్టి రబ్బరు చక్రాలు, నాలుగు చక్రాలకూ డ్రైవు ఉండాలి. మిర్చి, పత్తి చేలకు వాడిన వెడల్పు టైర్ల బండి దుబ్బుల్ని తొక్కేస్తుంది, బురదలో కూరుకుపోతుంది. మీ పరిధిలో మొక్కజొన్న, చెరకు లాంటి మెట్ట విస్తీర్ణం లేకుండా వరి చిన్న మడులే ఉంటే, వంద మీటర్ల పైపున్న హెచ్‌టీపీ స్ప్రేయరే (పంపు గట్టు మీద ఉంచి, పైపు లాక్కుంటూ చేత్తో కొట్టేది) మీకు మేలు. ఇది చెబితే నిరుత్సాహపడతారేమో గానీ, కొన్నాక పడే కంటే ఇప్పుడే నయం.

ప్రశ్న: ఎకరాకు ఎన్ని నీళ్లు పడుతున్నాయో బండి మీద తెలుసుకునేదెలా? మీటర్లు, కంప్యూటర్లు ఏవీ లేవు.
– సబ్బవరం మండలం నుంచి ఒక పాఠకుడు

జవాబు: టేపు, ఫోన్లో గడియారం, కొలజగ్గు చాలు. పొలంలోనే, రోడ్డు మీద కాదు, 50 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి. ట్యాంకు సగం నింపి, మందు కొట్టే గేరులో, అదే రేసులో ఆ దూరం నడపండి. మొదటి పుల్ల దగ్గరకు వచ్చేసరికే బండి వేగం అందుకుని ఉండాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. బండి ఆపి, ఇంజను రేసు మార్చకుండా, అన్నే సెకన్లు ఒక నాజిల్ నీళ్లు పట్టండి. వచ్చిన లీటర్లను 162తో గుణిస్తే ఎకరాకు పడే నీళ్లు. ఇది నాజిళ్ల మధ్య 50 సెంటీమీటర్లున్న బూమ్‌కు. 45 సెంటీమీటర్లుంటే 180తో గుణించండి.

ఉదాహరణకు 36 సెకన్లు పట్టింది, నీలం నాజిల్ ఆ సమయంలో 0.72 లీటరు ఇచ్చింది. 162తో గుణిస్తే సుమారు 117 లీటర్లు. ఎక్కువ అనిపిస్తే ప్రెజర్ తగ్గించడం కాదు, నాజిల్ మార్చాలి. నీళ్లు రెట్టింపు కావాలంటే ప్రెజర్ నాలుగింతలు చేయాలి. అప్పుడు తుంపర పొగలా మారి గాలికి పోతుంది. ప్రెజర్ కొద్దిపాటి సర్దుబాటుకే, అసలు మార్పు నాజిల్‌తోనూ వేగంతోనూ.

తుంపరను 110 డిగ్రీల కోణంలో విసిరే నాజిళ్లయితే బూమ్ పైరు కొసకు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కొలత నేల నుంచి కాదు, పైరు మీద నుంచి. ఇక సముద్రపు గాలి మధ్యాహ్నానికి జోరందుకుంటుంది కాబట్టి మన తీరంలో ఉదయం తొమ్మిదిలోపు ముగించుకోవడం ఉత్తమం. పక్కన రొయ్యల చెరువులుంటే ఇంకా జాగ్రత్త, సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు చేపలకూ రొయ్యలకూ విషమే.

ప్రశ్న: ప్రెజర్ గేజి ముల్లు గజగజ వణుకుతోంది, పైపులు ఎగిరెగిరి పడుతున్నాయి. కొత్త నాజిళ్లు వేసినా ప్రెజర్ 2 కేజీలు దాటడం లేదు. పంపు మార్చాలంటున్నారు.
– భీమిలి నుంచి ఒక రైతు

జవాబు: ఇప్పుడే పంపు జోలికి పోకండి. చవకైన వాటితో మొదలుపెట్టి ఈ వరసలో చూడండి.

ముందు సక్షన్ ఫిల్టర్, అంటే పంపులోకి వెళ్లే నీళ్లను వడగట్టేది. జాలీ తీసి కడిగి, గిన్నె మూత ఓ-రింగుకు కొంచెం గ్రీజు రాసి బిగించండి. ఆ రింగు చదునుగా నలిగితే పంపు అక్కడ నీళ్లతోపాటు గాలి పీలుస్తుంది. ముల్లు వణకడానికి ఇది మామూలు కారణం. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు పాతదైతే క్లిప్పుల దగ్గర పగులుతుంది. నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది, అందుకే కంటికి కనపడదు. పంపు నడుస్తుండగా ఒక్కో అతుకు మీద మగ్గుతో నీళ్లు పోస్తూ రండి. ఎక్కడ పోసినప్పుడు ముల్లు నిలకడ పడుతుందో గాలి దారి అదే.

తర్వాత పంపు నెత్తి మీది గాలి బుడ్డి, పంపు కొట్టే ప్రెజర్ కుదుపులను సర్దేది అదే. పంపు ఆపి, లైనులో ప్రెజర్ పూర్తిగా వదిలేశాకే గాలి కొలవండి. 2 నుంచి 5 కేజీల పని ప్రెజర్‌కు సుమారు 2 కేజీల గాలి సరిపోతుంది. మీ పంపు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. గాలి కొట్టే చోట నీళ్లు చిమ్మితే బుడ్డి లోపలి రబ్బరు పోయింది.

ఆ రెండూ బాగుంటే ట్యాంకులో కలియబెట్టే జెట్‌కు వెళ్లే కుళాయి మూసి చూడండి. ప్రెజర్ వెంటనే లేస్తే పంపు ఇచ్చే నీళ్లు బండికి చాలడం లేదు. లెక్క ఇలా: 24 నాజిళ్లు, ఒక్కోటి 1.2 లీటర్లు, మొత్తం దాదాపు 29 లీటర్లు. 600 లీటర్ల ట్యాంకు కలియబెట్టడానికి నిమిషానికి ట్యాంకులో 5 శాతం, అంటే 30 లీటర్లు. ఈ 59కి అరుగుదల కోసం అయిదో వంతు కలిపితే 70 లీటర్లు. పంపు రేకు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే ఎవరో చిన్న పంపు బిగించారు. ఎక్కువే రాసి ఉంటే వాల్వులు విప్పే సమయం వచ్చింది. మూడు డయాఫ్రమ్‌ల పంపులో ఆరు వాల్వులుంటాయి. ఒక్కదాంట్లో స్ప్రింగు విరిగినా, చిన్న రాయి ఇరుక్కున్నా మీరు చెప్పిన వణుకే వస్తుంది.

విప్పినప్పుడు డయాఫ్రమ్‌లు కూడా మార్చేయండి. ఒకటి చిరిగిందని ఒకటే మార్చే పొదుపు వద్దు, మిగతా రెండూ దాని ఈడువే. డయాఫ్రమ్ మార్చే చోట పిస్టన్ పూర్తిగా కిందికి దిగేట్టు షాఫ్టు చేత్తో తిప్పి, డయాఫ్రమ్ అంచు గాడిలో కూర్చోబెట్టి, హెడ్డు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. నూనె ఒక్కసారి గుమ్మరించకండి. కాస్త పోసి, షాఫ్టు తిప్పి, బుడగలు పోయాక మళ్లీ పోయండి. లోపల గాలి మిగిలితే కొత్త డయాఫ్రమ్ కొద్ది గంటల్లోనే చిరుగుతుంది. పాత నూనె తెల్లబడి ఉంటే ముందు డీజిల్‌తో లోపలంతా కడిగి ఆరనివ్వండి, లేకపోతే మందునీళ్ల తడి బేరింగులను తినేస్తుంది.

ప్రశ్న: వరిలో కలుపుమందు కొట్టిన బండినే కడిగి, టమాటాకూ బెండకూ పురుగుమందు కొట్టాం. వారానికి ఆకులు సన్నబడి మెలితిరిగాయి. రెండుసార్లు కడిగాం కదా!
– ఆనందపురం మండలం నుంచి ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు 2,4-డి అనే కలుపుమందు అవశేషానికి సరిపోతున్నాయి. ఆ మందు పిసరంత మిగిలినా టమాటా ఓర్చుకోదు. మీరు కడిగింది ట్యాంకును. మందు మిగిలింది ట్యాంకులో కాదు: బూమ్ గొట్టాల మూసిన చివర్లలో, ఫిల్టరు గిన్నెల్లో, రబ్బరు పైపుల లోపలి పొరలో, ట్యాంకు మూత అడుగున. పైగా నూనె రూపంలో వచ్చే పురుగుమందులు అలా అంటుకున్న పాత మందును కరిగించి బయటికి తెస్తాయి. మంచినీళ్లతో కడిగినప్పుడు రానిది పురుగుమందుతో వచ్చింది అందుకే.

కడిగే పద్ధతిలోనూ లెక్కుంది. బండిలో 10 లీటర్ల మందునీళ్లు మిగిలాయనుకోండి. 100 లీటర్లు ఒకేసారి పోసి వదిలేస్తే పాత మందు 9 శాతం మిగులుతుంది. అవే 100 లీటర్లను మూడు భాగాలు చేసి, మూడుసార్లు పోసి ప్రతిసారీ నాజిళ్లగుండా పూర్తిగా వదిలితే మిగిలేది ఒక శాతం పైచిలుకు మాత్రమే.

మూడుసార్లు అలా వదిలాక, ఇళ్లలో శుభ్రతకు వాడే పలుచని అమ్మోనియా 100 లీటర్ల నీళ్లకు ఒక లీటరు కలిపి, బూమ్ చివరిదాకా నిండేట్టు కొంచెం వదిలి, రాత్రంతా ఉంచండి. ఎస్టర్ రకం 2,4-డి అయితే దానికి ముందు బట్టల సోపు పొడి నీళ్లతో ఒకసారి కడగాలి. పొద్దున్నే బూమ్ చివరి మూతలు, ఫిల్టర్లు, నాజిళ్లు విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్లీ మంచినీళ్లతో వదలండి. అమ్మోనియాలో బ్లీచింగ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. కడిగిన నీళ్లు ఆ వరి పొలంలోనే పలుచగా కొట్టేయాలి, గెడ్డలోకీ చెరువులోకీ వదలకూడదు. నాజిల్‌ను నోటితో ఊదే అలవాటు ఎవరికైనా ఉంటే ఇంట్లోవాళ్లే మాన్పించాలి.

కూరగాయలు పండించేవారు కలుపుమందుకు వేరే స్ప్రేయర్ ఉంచుకోవడమే మా సలహా. కొన్న పాత బండి కూడా చివరిసారి ఏం కొట్టిందో తెలియదు కాబట్టి, మొదటి రోజే ఈ కడుగుడంతా పూర్తి చేయండి.

ప్రశ్న: హైడ్రాలిక్ డ్రైవు బండి, చక్రాలు నూనె ప్రెజర్‌తో తిరుగుతాయి. పొద్దున్న గట్టు ఎక్కుతుంది, గంటన్నర నడిచాక అదే గట్టు ఎక్కదు.
– చోడవరం నుంచి ఒక డ్రైవరు

జవాబు: నూనె వేడెక్కి పలచబడుతోంది, అరిగిన భాగాల సందుల్లోంచి జారిపోతోంది. చక్రాల దగ్గరి హైడ్రాలిక్ మోటార్లు విప్పే ముందు నూనె కూలర్ రెక్కలు చూడండి. పూత పొట్టు, దుమ్ము, మందు తుంపర కలిసి అట్ట కట్టి ఉంటాయి. వెనక నుంచి నీళ్లతో కడగండి. ఫ్యాను బెల్టు, నూనె మట్టం, ఫిల్టరు కూడా చూడండి. పాత యజమాని ఏ నూనె పోశాడో తెలియకపోతే మొత్తం దించి పుస్తకంలో చెప్పిన గ్రేడు పోయండి. అప్పటికీ అంతే అయితే, హైడ్రాలిక్ మెకానిక్‌తో ఒక్కో చక్రం మోటారు కేస్ డ్రైన్ పైపు (మోటారు లోపల జారిన నూనెను వెనక్కి పంపేది) నుంచి నిమిషానికి ఎంత నూనె వస్తోందో కొలిపించండి. మిగతావాటికంటే బాగా ఎక్కువ వదిలే మోటారే దోషి, నాలుగూ మార్చనక్కర్లేదు. కారే చోటును వేలితో వెతకొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ప్రెజర్‌లో నూనె చర్మంలోకి దూసుకుపోతుంది.

ప్రశ్న: చెరకుకు ఎంతవరకు పనికొస్తుంది?
– కె.కోటపాడు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తోట బండి కడుపుకు తగిలేవరకే, అంటే మొదటి మూడు నాలుగు నెలలు. చాళ్ల దూరం చూసుకుని కొనండి: 90 సెంటీమీటర్ల చాళ్లకు చక్రాల మధ్య 1.8 మీటర్లు కుదరాలి.

ప్రశ్న: పంట అయిపోయాక బండిని ఎలా పెట్టాలి? మా షెడ్డు సముద్రానికి దగ్గర.
– భీమిలి నుంచి మరో పాఠకుడు

జవాబు: విదేశీ బళ్ల పుస్తకాల్లో గడ్డకట్టని ద్రవం పోయమని రాస్తారు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు, ఉప్పు గాలీ ఎలుకలూ మన బాధ. నీళ్లన్నీ దించి, పంపును ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. నాజిళ్లు విప్పి సీసాలో దాచండి. బూమ్ సెక్షన్ వాల్వుల కరెంటు ప్లగ్గులు ఊడదీసి, పచ్చగా చిలుము పట్టిన పిన్నులు తుడిచి, గ్రీజు పూసి మళ్లీ పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ చేరదు. హైడ్రాలిక్ సిలిండర్ల రాడ్లు లోపలికి లాగి ఉంచాలి, బయట మిగిలిన భాగానికి గ్రీజు పూయాలి. తుప్పు చుక్క పడ్డ రాడ్డు కొత్త ఆయిల్ సీలును కూడా కోసేస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో బూమ్ మడిచి తాడుతో కట్టండి. నిలువుగా మడిచే బూమ్ అయితే షెడ్డు బయట విప్పే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడటం మరవకండి.